పొడవాటి మనిషికి చవకైన చిన్న డ్యూయల్ స్పోర్ట్ బండి: ఎంపికలో నా అనుభవం

నా ఎత్తు 190 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల మూడంగుళాలు. హెల్మెట్, బూట్లు, జాకెట్‌తో కలిపి బరువు 96 కిలోలు. హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు వెళ్ళిరావాలి, సెలవు దొరికితే వికారాబాద్ వైపు మట్టిదారుల్లో తిరగాలి, వీలైనప్పుడు మారేడుమిల్లి ఘాట్ దాకా పోవాలి. అన్నిటికీ ఒకే బండి, అంటే తార్రోడ్డు మీదా మట్టిలోనూ నడిచే డ్యూయల్ స్పోర్ట్ రకం, మార్పులతో కలిపి లక్షన్నర లోపు. ఈ లెక్కతో వెతికినప్పుడు ఏం కొలిచానో, ఏ బండిని ఎందుకు వదిలానో, కొన్నాక దేని తర్వాత ఏది సరిచేశానో ఇక్కడ రాస్తున్నాను. నా అంత ఎత్తున్నవాళ్ళకు సరైన సమాచారం చాలా తక్కువగా దొరుకుతుంది. దొరికేదాంట్లో కూడా ఎక్కువ భాగం సీటు ఎత్తు చుట్టూనే తిరుగుతుంది.

"పొడుగ్గా ఉన్నావు కదా, సీటు ఎత్తున్న బండి తీసుకో" అని అందరూ చెప్తారు. బ్రోషర్లో ఉండే సీటు ఎత్తు నేల నుంచి సీటుకు ఉన్న దూరం. కాళ్ళు నేలకు అందుతాయా లేదా అని చూసుకునే పొట్టివాళ్ళకు అది కావాలి. మన ఇబ్బంది నేల దగ్గర కాదు. కూర్చున్నప్పుడు సీటుకూ ఫుట్‌రెస్టుకూ మధ్య దూరం చాలక మోకాళ్ళు ముడుచుకుంటాయి. నిలబడి నడిపేటప్పుడు ఫుట్‌రెస్టుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరం చాలక నడుము వంగుతుంది. ఈ రెండు కొలతలూ ఏ బ్రోషర్లోనూ ఉండవు.

ఉదాహరణకు హీరో ఎక్స్‌పల్స్ 200నే చూడండి. 2019లో వచ్చిన మొదటి బండి సీటు ఎత్తు 823 మి.మీ. 2023లో మార్చిన 4వీ (నాలుగు వాల్వుల ఇంజన్) బండిది 825 మి.మీ. కాగితం మీద రెండూ ఒకటే. కానీ 2023 మార్పుల్లో ఫుట్‌రెస్టులను 35 మి.మీ. కిందికి, 8 మి.మీ. వెనక్కి జరిపారు. పొడవాటి మనిషి మోకాలికి ఇది చాలా పెద్ద తేడా, అయినా సీటు ఎత్తు అంకెలో దాని జాడే లేదు.

ఇప్పుడు దీనికి తిరగేసిన ఉదాహరణ. అదే 2023లో వచ్చిన 4వీ ప్రో సీటు ఎత్తు 891 మి.మీ. మామూలు 4వీ కంటే 66 మి.మీ. ఎక్కువ కాబట్టి చూడగానే మన కోసమే చేశారనిపిస్తుంది. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు, కూడా పక్కన పెట్టి పోల్చి చూడండి: మామూలు దానిది 220, ప్రోది 270. సస్పెన్షన్ పొడవు పెంచడంతో ఇంజన్, ఫ్రేమ్, ఫుట్‌రెస్టులు, సీటు అన్నీ కలిసి 50 మి.మీ. పైకి వెళ్ళాయి. 66లోంచి 50 తీసేస్తే మోకాలికి మిగిలేది దాదాపు 16 మి.మీ. మాత్రమే. ప్రో మంచి బండి. రాళ్ళలో దూకించేవాళ్ళకు ముందు 250, వెనక 220 మి.మీ. ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదలగల దూరం), పూర్తిగా సర్దుకోగల సస్పెన్షన్ నిజంగా విలువైనవి. కానీ మోకాళ్ళ నొప్పి తగ్గుతుందని ప్రో కొంటే డబ్బు వేరే పనికి పెట్టినట్టే.

అందుకని బండ్లు చూడ్డానికి వెళ్ళేముందు నా ఒళ్ళు కొలుచుకున్నాను. మొదటిది గజ్జ నుంచి మడమ దాకా: చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, గట్టి అట్ట పుస్తకం కాళ్ళ మధ్య పైకి నెట్టి, దాని పైఅంచు దగ్గర గోడ మీద గీత పెట్టి కొలవాలి. నాకు 91 సెం.మీ. వచ్చింది. రెండోది, బండి నడిపే బూట్లు వేసుకుని కుర్చీలో కూర్చున్నప్పుడు నేల నుంచి మోకాలి పైభాగం దాకా: 60. మూడోది ఎవరూ కొలవరు, కానీ నాకు ఎక్కువ పనికొచ్చింది అదే. పాదాల మధ్య 40 సెం.మీ. ఎడం ఉంచి, మోకాళ్ళు కొద్దిగా వంచి, తుంటి దగ్గర కాస్త ముందుకు వంగి, మోచేతులు బయటికి పెట్టి ఒక కర్ర పట్టుకోవాలి. బండి మీద నిలబడినప్పటి భంగిమ అన్నమాట. అలా ఉన్నప్పుడు నేల నుంచి కర్ర దాకా ఇంకొకరు కొలవాలి. నాకు 96 సెం.మీ. వచ్చింది. హ్యాండిల్ ఫుట్‌రెస్టు కంటే ఎంత ఎత్తులో ఉండాలో చెప్పేది ఈ అంకె.

షోరూమ్‌కు టేపు, ఒక స్నేహితుడు, బూట్లు తప్పకుండా వెంట ఉండాలి. సైడ్ స్టాండ్ మీద వంగి ఉన్న బండి ఎక్కి చూస్తే ఏమీ తెలియదు. ఒకరు ముందు నుంచి హ్యాండిల్ పట్టుకుని బండిని నిటారుగా నిలపాలి. ప్యాంటు మీద తుంటి ఎముక దగ్గర, మోకాలి పక్కన, చీలమండ దగ్గర తెల్ల టేపు ముక్కలు అంటించుకుని, రెండు కాళ్ళూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి మామూలుగా కూర్చోవాలి. స్నేహితుడు కనీసం 4 మీటర్ల దూరంలో, ఫోన్ మోకాలి ఎత్తులో పెట్టి సరిగ్గా పక్క నుంచి ఫోటో తీయాలి. దగ్గర్నుంచి తీస్తే కోణం వంకర వస్తుంది. తర్వాత ఆ మూడు ముక్కల మీదుగా గీతలు గీసి మోకాలి కోణం కొలుచుకోవచ్చు. నా అనుభవంలో 85 డిగ్రీల కంటే తక్కువైతే అరగంటలో మోకాలి చిప్ప కింద లాగడం మొదలవుతుంది. 90 దాటితే రోజంతా నడపొచ్చు. 95 నుంచి 100 మధ్య వస్తే ఇంకేం మార్చక్కర్లేదు.

నా ఫోటోల్లో 2023కి ముందటి ఎక్స్‌పల్స్ మీద 79 డిగ్రీలు వచ్చింది, 2023 తర్వాతి దాని మీద 85. ఫుట్‌రెస్టు 35 మి.మీ. కిందికి జరిగినందుకే ఈ తేడా.

కూర్చున్న ఫోటో తర్వాత, అదే నిటారు బండి మీద నిలబడి హ్యాండిల్ ఎంత కిందికి ఉందో చూడాలి. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి మోకాలికి తగులుతుందేమో చూడాలి. సీటు మీద వెనక్కి జరగడానికి చోటు ఉందా, లేక మధ్యలో మెట్టు అడ్డం వస్తుందా అన్నది కూడా ముఖ్యం. పొడవాటివాళ్ళం సహజంగానే వెనక్కి జరిగి కూర్చుంటాం. మెట్టు సీటున్న బండిలో అది కుదరదు, ముందుకు జారి ట్యాంకు మీద పడుతూ ఉంటాం. చివరగా బూటు ముక్కు గేర్ లివర్ కింద దూరుతుందో లేదో చూడాలి. పెద్ద సైజు మందపాటి బూటు చాలా చిన్న బండ్లలో దూరదు.

ఇక బండ్లు. మన దేశంలో ఈ తరగతికి దారి తీసింది 2011లో వచ్చిన హీరో ఇంపల్స్. 150 సీసీ ఇంజన్ దానికి చాలలేదు, ఇప్పుడు దొరికేవి కూడా బాగా వాడేసినవే కాబట్టి చూడలేదు. కవాసాకి కేఎల్‌ఎక్స్ 230 మీద నాకు నిజంగా మనసు పడింది. సీటు 880 మి.మీ., బరువు 139 కిలోలు. మట్టిలో పడిన బండిని ఒక్కడే లేపాల్సి వచ్చినప్పుడు ఎక్స్‌పల్స్ 4వీ 159 కిలోలకూ దీనికీ ఉన్న 20 కిలోల తేడా చేతులకు బాగా తెలుస్తుంది. 2024 చివర్లో దిగుమతి బండిగా 3.30 లక్షలకు వచ్చింది, తర్వాత ఇక్కడే తయారవడంతో 1.99 లక్షలకు దిగింది. అయినా నా లెక్క దాటింది. దానికి తోడు ట్యాంకు 7.6 లీటర్లే. లీటరుకు 30 కిలోమీటర్లు వేసుకున్నా 200 దాటాక బంకు కోసం చూసుకోవాలి. ఘాట్లకు వెళ్ళేవాడికి ఎక్స్‌పల్స్ 13 లీటర్ల ట్యాంకు పెద్ద భరోసా. సర్వీసు సెంటర్లు కూడా పెద్ద నగరాల్లోనే. ఊళ్ళో క్లచ్ కేబుల్ తెగితే ఆ రోజే దొరకడం నాకు ముఖ్యం.

2025లో వచ్చిన కేటీఎం 390 ఎండ్యూరో ఆర్ సీటు 860 మి.మీ. ట్రావెల్, నిలబడే భంగిమ రెండూ బాగుంటాయి. కానీ 399 సీసీ, వచ్చినప్పటి ధర 3.37 లక్షలు, పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్‌టీ 40 శాతం. 350 లోపు బండ్లకు 28 నుంచి 18కి తగ్గింది. చిన్న బండే కావాలనుకున్నవాళ్ళకు ఆ తగ్గింపు బాగా కలిసొచ్చింది. సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ 835 మి.మీ. సీటుతో హైవే మీద హాయిగా ఉంటుంది, కానీ ముందు చక్రం 19 అంగుళాలు, స్వభావం తార్రోడ్డుది. హిమాలయన్ 450 బరువు 196 కిలోలు, కాబట్టి అది ఈ చర్చలోకే రాదు.

హీరో ఎక్స్‌పల్స్ 210 నిజమైన పోటీ. 2025 జనవరిలో 1.76 లక్షల ధరతో వచ్చింది. లిక్విడ్ కూలింగ్, 24.6 పీఎస్, ఆరు గేర్లు, ట్రావెల్ ముందు 210, వెనక 205 మి.మీ. నా బరువుకు ఆ అదనపు బలం హైవే మీద తెలుస్తుంది. 200 4వీ 19.1 పీఎస్, అయిదు గేర్లు. నాలాంటి పెద్ద ఒళ్ళు గాలికి అడ్డంగా ఉంటే 80, 85 దగ్గర హాయిగా ఉంటుంది, 95 దాటాక ఇంజన్ కష్టపడుతోందని చెవికే తెలుస్తుంది. మీ ప్రయాణంలో సగానికి మించి హైవే ఉంటే, ఇంకో యాభై వేలు పెట్టగలిగితే 210 కొనుక్కోండి, వెనకాడొద్దు. నా వాడకంలో ఊరూ మట్టిదారే ఎక్కువ. కాబట్టి 2023 తర్వాతి సెకండ్ హ్యాండ్ 200 4వీ కొని, మిగిలిన డబ్బును నా ఒంటికి సరిపెట్టడానికి ఖర్చు చేయాలని నిర్ణయించుకున్నాను.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఎంపిక ఎక్కువ. హోండా సీఆర్‌ఎఫ్300ఎల్ సీటు 880 దగ్గర, పాత సుజుకి డీఆర్-జెడ్400ఎస్ 935 మి.మీ. అక్కడా సూత్రం ఇదే: టేపు, ఫోటో తీసుకుని వెళ్ళండి.

సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు మొదట ఫుట్‌రెస్టుల సంగతి తేల్చుకోవాలి. 2022 బండిని 2023 మోడల్ అని చెప్పేవాళ్ళు ఉంటారు. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం చూడండి. 2023 బండిలో ఏబీఎస్‌కు రోడ్, ఆఫ్‌రోడ్, ర్యాలీ అని మూడు మోడ్‌లు ఉంటాయి, గాలిని ఆపే ముందు అద్దం కూడా పొడవు. తర్వాత ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్‌ను చాలా నెమ్మదిగా ఇటూ అటూ తిప్పాలి. మధ్యలో సన్నగా గాడిలో పడినట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగు, పోయింది. వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపితే టక్ మని శబ్దం వస్తే వెనక షాక్‌ను కలిపే లింకేజీ బేరింగులు ఎండిపోయాయి, బురదలో తిరిగి కడిగి గ్రీజు పెట్టని బండ్లకు ఇది మామూలే. స్పోక్స్ ఒక్కొక్కటీ స్పానర్‌తో తట్టి చూడాలి. బిగుతుగా ఉన్నది ఖణేల్మంటుంది, వదులైనది మొద్దు శబ్దం ఇస్తుంది. 21 అంగుళాల ముందు రిమ్ము రాయికి తగిలి సొట్ట పడిందేమో చక్రం తిప్పుతూ చూడాలి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల సీళ్ళ కింద నూనె గీత, ఆయిల్ కూలర్ మీద సొట్టలు, ఇంజన్ కింది ప్లేటు వెనక పగుళ్ళు చూడాలి. వాగుల్లో ముంచిన బండి అనుమానం వస్తే ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. అడుగున సన్నటి ఒండ్రు ఉంటే, ఇంజన్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే వదిలేసి వెళ్ళిపోవాలి.

కాగితాలు: పేరు మార్పిడికి ఫామ్ 29, ఫామ్ 30 మీద అమ్మేవాళ్ళ సంతకాలు, లోన్ ఉంటే ఫామ్ 35, బ్యాంకు ఎన్‌వోసీ. వేరే రాష్ట్రం బండయితే ఫామ్ 28 ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ టాక్స్ కూడా లెక్కలోకి వస్తాయి. ఆంధ్రా బండి తెలంగాణలో చవకగా దొరికిందనుకుంటే ఆ చవక టాక్స్‌లో పోతుంది. ఛలాన్లు చూసుకోకుండా డబ్బు ఇవ్వొద్దు.

బండి చేతికొచ్చాక సరిచేసే వరస మారకూడదు. ముందు సస్పెన్షన్, తర్వాత సీటు, తర్వాత కాలి లివర్లు, చివర హ్యాండిల్. ఒక్కొక్కటి మార్చినప్పుడల్లా తర్వాతి దాని కొలత మారుతుంది. చాలామంది నేరుగా రైజర్లు కొని హ్యాండిల్ ఎత్తు పెంచుతారు, తర్వాత సీటు మారిస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

సస్పెన్షన్ ఎందుకు ముందంటే, పొడవాటివాళ్ళం సాధారణంగా బరువు కూడా ఎక్కువ ఉంటాం. కంపెనీ స్ప్రింగు సగటు మనిషిని దృష్టిలో పెట్టుకుని ఉంటుంది. మన బరువుకు వెనక ఎక్కువ కుంగితే ముందు ఫోర్కుల వాలు పెరిగి మలుపుల్లో బండి బయటికి పోతుంది, హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది, గుంతలో షాక్ అబ్జార్బర్ అడుగుకు కొడుతుంది. కుంగుడు ఎంతో కొలిచే పద్ధతి తేలికే. వెనక యాక్సిల్‌కు సరిగ్గా పైన, టెయిల్ మీద టేపు ముక్క అంటించండి. బండిని సైడ్ స్టాండ్ మీదికి వంచి వెనక చక్రం నేల విడిచేలా ఒకరు పట్టుకుంటే, యాక్సిల్ నుంచి ఆ ముక్క దాకా మొదటి కొలత. బండి నిటారుగా తన బరువు మీద తాను ఉన్నప్పుడు రెండోది. మీరు హెల్మెట్, బూట్లు, జాకెట్‌తో ఎక్కి, రెండుసార్లు కిందికి అదిమి వదిలాక, ఫుట్‌రెస్టుల మీద కాళ్ళుంచి కూర్చున్నప్పుడు మూడోది. మొదటి దాంట్లోంచి మూడోది తీసేస్తే మనిషితో కుంగుడు. 170 మి.మీ. ట్రావెల్ ఉన్న ఈ బండికి అది 50 నుంచి 56 మధ్య, అంటే దాదాపు మూడో వంతు ఉండాలి.

నాకు మొదట 66 వచ్చింది. వెనక మోనోషాక్‌కు పది మెట్ల ప్రీలోడ్ (స్ప్రింగును ముందే కొంత అదిమి ఉంచే సర్దుబాటు) ఉంది, ఎనిమిదో మెట్టుకు తెచ్చేసరికి 55కు వచ్చింది. ఇక్కడ ఆగకూడదు. రెండో కొలత కూడా మళ్ళీ తీసి, బండి తన బరువుతో ఎంత కుంగుతోందో చూడాలి. నాకు 14 మి.మీ. వచ్చింది, ఫర్వాలేదు. మీకు అది 5 కంటే తక్కువ వస్తే ప్రీలోడ్‌తో పని కాదు, స్ప్రింగే మీ బరువుకు మెత్తన. గట్టి స్ప్రింగు వేయించాల్సిందే. ప్రీలోడ్ స్ప్రింగును గట్టిపరచదు, అది మొదలయ్యే చోటును మారుస్తుంది అంతే.

ముందు ఫోర్కులకు మామూలు 4వీలో సర్దుబాటు ఏదీ లేదు. స్టాంచన్ (ఫోర్కు లోపలికి జారే మెరిసే గొట్టం) మీద ఒక జిప్ టై కట్టి, సీలు దాకా నెట్టి, ఎక్కి దిగాక ముందు చక్రం పైకెత్తి, సీలుకూ జిప్ టైకీ మధ్య దూరం కొలిస్తే ఎంత కుంగిందో తెలుస్తుంది. 190 మి.మీ. ట్రావెల్‌కు 48 నుంచి 57 వరకు బాగుంటుంది, నాకు 64 వచ్చింది. ముందు చక్రం నేలకు తగలకుండా బండిని లేపి, ఒక్కో ఫోర్కు టోపీ విప్పి, స్ప్రింగు మీద 12 మి.మీ. మందం స్పేసర్ వేయించాను. టోపీ విప్పే చివరి చుట్లలో స్ప్రింగు దాన్ని విసిరికొడుతుంది, మందపాటి గుడ్డ కప్పి అదిమి పట్టుకోవాలి. రెండు ఫోర్కుల్లోనూ మందం ఒకటే ఉండాలి. 20 మి.మీ. దాటించొద్దు, చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఫోర్కు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. "చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుంది" అనే మెకానిక్‌లు ఉంటారు. చిక్కటి ఆయిల్ ఫోర్కు కదలికను నెమ్మది చేస్తుంది, కుంగుడును మాత్రం తగ్గించదు.

సీటు నా బండిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చిన పని. కారు సీట్లు కుట్టే దుకాణం కంటే బైకు సీట్లు మాత్రమే చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళడం మంచిది. హైదరాబాద్‌లో పుత్లీబౌలి వైపు, విజయవాడలో ఆటోనగర్ వైపు అడిగితే దొరుకుతారు. నేను చెప్పి చేయించినది ఇది: పాత ఫోమ్ తీసెయ్యకుండా పైపొర 10 మి.మీ. కోసి, దాని మీద 30 మి.మీ. గట్టి రీబాండెడ్ ఫోమ్, ఆ పైన 20 మి.మీ. మెత్తటి హెచ్‌ఆర్ ఫోమ్. నికరంగా 40 మి.మీ. పెరుగుతుంది. మొత్తం మెత్తటి ఫోమే వేస్తే కూర్చోగానే హాయిగా ఉంటుంది, గంట తర్వాత ప్లాస్టిక్ బేస్ తగులుతుంది. మొత్తం గట్టిదే వేస్తే మట్టిరోడ్డులో ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది. ట్యాంకు దగ్గర సీటు వెడల్పు పెంచనివ్వకండి, నిలబడినప్పుడు తొడలు బయటికి తోసుకుంటాయి. వెనక భాగంలో మాత్రం రెండు పక్కలా 20 మి.మీ. చొప్పున వెడల్పు చేయిస్తే తుంటి ఎముకలకు ఆసరా దొరుకుతుంది. పై కవరు జారని రకం, కుట్టు కూర్చునే చోట రాకుండా పక్కలకు. అతుకుల్లోంచి వాన నీళ్ళు ఫోమ్‌లోకి వెళ్తే నెలల తరబడి తడిగానే ఉంటుంది కాబట్టి కవరు కింద పల్చటి ప్లాస్టిక్ షీటు తప్పనిసరి. ఖర్చు రెండు వేల లోపే అయింది. మళ్ళీ ఫోటో తీసి కొలిస్తే మోకాలు 91 డిగ్రీలు.

ఎత్తు పెంచితే కాళ్ళు నేలకు అందవేమో అని సందేహం రావచ్చు. 825కు 40 కలిపితే 865. కూర్చోగానే బండి ఇంకో 40 మి.మీ. దాకా కుంగుతుంది కాబట్టి నిజంగా మిగిలేది 825 దగ్గర. 91 సెం.మీ. కాళ్ళకు, బూటు మందం కూడా కలుపుకుంటే, రెండు పాదాలూ నిండుగా ఆనతాయి. 85 సెం.మీ. కాళ్ళున్నవాళ్ళు 20 మి.మీ. తోనే ఆగడం మంచిది.

ఫుట్‌రెస్టులను ఇంకా కిందికి దించే బ్రాకెట్లు అమ్ముతారు. నేను వాటి జోలికి వెళ్ళలేదు. రాళ్ళ మధ్య గాడిలో అవి తగిలితే బూటు వెనక్కి మెలిపడుతుంది, పైగా గేర్, బ్రేక్ లివర్లూ దించాలి. వెడల్పాటి ఫుట్‌రెస్టులు మాత్రం పెద్ద పాదానికి నిజంగా అవసరం, నిలబడినప్పుడు అరికాలు నొప్పి పుట్టదు. గేర్ లివర్‌ను అది బిగించే పళ్ళ కడ్డీ (స్ప్లైన్) మీద ఒక పన్ను పైకి జరిపితే మందపాటి బూటు దూరింది. వెనక బ్రేక్ పెడల్ ఎత్తును మాస్టర్ సిలిండర్ పుష్‌రాడ్ దగ్గర మార్చుకోవచ్చు. మార్చాక పెడల్‌కు కొద్దిగా ఖాళీ కదలిక ఉండాలి. లేకపోతే బ్రేకు పట్టుకునే ఉండి డిస్కు వేడెక్కుతుంది, ఘాట్ దిగేటప్పుడు బ్రేకే లేకుండా పోతుంది. చక్రం పైకెత్తి చేత్తో తిప్పి చూసి తీరాలి.

ఇప్పుడు హ్యాండిల్. నా 96 సెం.మీ. కొలతకు బండి హ్యాండిల్ 6 సెం.మీ. తక్కువలో ఉంది. అంతా రైజర్లతోనే సాధిద్దామంటే కుదరదు, కేబుళ్ళు చాలవు. ఇంకో సంగతి కూడా ఉంది. మామూలు రైజర్ హ్యాండిల్‌ను నిటారుగా పైకి ఎత్తదు, ఫోర్కు వాలు వెంట పైకీ వెనక్కీ ఎత్తుతుంది. 30 మి.మీ. ఎత్తితే 13, 14 మి.మీ. మన వైపు వస్తుంది. పొడవాటివాడికి హ్యాండిల్ దగ్గరికి రావడం నష్టం. అందుకే ముందుకు జరిపి బిగించే వీలున్న 25 మి.మీ. రైజర్లు, దాంతోపాటు వంపు ఎక్కువున్న హ్యాండిల్ రాడ్ తీసుకున్నాను. రెండూ కలిపి 50 మి.మీ. దగ్గరికి వచ్చింది. కొనేముందు రాడ్ మధ్యభాగం మందం వెర్నియర్‌తో కొలవాలి, 22 మి.మీ. రాడ్డుకు 28 మి.మీ. రైజర్ పట్టదు. క్లాంపు బోల్టులు నాలుగూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి, ముందూ వెనకా సందు సమానంగా రావాలి.

బిగించాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దీన్ని వదిలేస్తే ప్రాణం మీదికొస్తుంది. బండి న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, ఐడిల్‌లో ఉండగా హ్యాండిల్‌ను ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పండి. ఇంజన్ శబ్దం కొంచెం పెరిగినా యాక్సిలరేటర్ కేబుల్ లాగబడుతోంది. యూటర్న్ తీసుకునేటప్పుడు బండి దానంతట అదే ముందుకు ఉరుకుతుంది. కేబుల్ దారి మార్చాలి, లేదా పొడవు కేబుల్ వేయాలి. ముందు బ్రేక్ హోస్, క్లచ్ కేబుల్ కూడా ఆ రెండు చివరల్లో బిగుసుకోకూడదు. ఫోర్కులు పూర్తిగా సాగి ఉన్నప్పుడు, అంటే ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు కూడా చూడాలి. బ్రేక్ హోస్ అప్పుడే ఎక్కువ లాగబడుతుంది. నాకు క్లచ్ కేబుల్ దారి మార్చాల్సి వచ్చింది, మిగిలినవి సరిపోయాయి.

ముందు అద్దం నుంచి వచ్చే గాలి ఇప్పుడు ఛాతీకి కాకుండా హెల్మెట్‌కు తగులుతుంది, తల అదురుతుంది. ఇంకా పొడవు అద్దం వేస్తే తగ్గుతుందనుకుంటారు, చాలాసార్లు పెరుగుతుంది. అద్దం తీసేసి ఒకరోజు నడిపి చూడండి. సుడి లేని నేరు గాలి ఎక్కువ వేగంలో కూడా తలను ఊపదు.

మార్పులు సీటు, హ్యాండిల్, ఫుట్‌రెస్టుల దగ్గరే ఆపాలని నా గట్టి అభిప్రాయం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల వివరాలు మార్చకూడదు. ఇంజన్, ఛాసిస్, సైలెన్సర్ జోలికి వెళ్తే రోడ్డు మీద ఛలాన్ ఒక్కటే కాదు, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కులొస్తాయి. మార్చిన సామాన్ల రసీదులు పెట్టుకుని, పాత సీటు ఫోమ్ ముక్క తప్ప మిగతా ఒరిజినల్ భాగాలన్నీ ఇంట్లో దాచండి.

హెడ్‌లైట్‌ను చివర్లో సరిచేశాను. సాయంత్రం గోడకు 5 మీటర్ల దూరంలో, మనిషి బండి మీద కూర్చుని ఉండగా, డిమ్ లైటు పైఅంచు లైటు ఎత్తు కంటే 5 సెం.మీ. కింద గోడ మీద పడాలి. చైన్ బిగువు కూడా మనిషి కూర్చున్నప్పుడే చూడాలి. ఖాళీ బండి మీద సరిగ్గా ఉన్న చైన్, షాక్ కుంగి యాక్సిల్, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్‌ఆర్మ్ కీలు, ముందు స్ప్రాకెట్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు మరీ బిగుసుకోవచ్చు. అలా నడిపితే గేర్‌బాక్స్ బేరింగు మీద భారం పడుతుంది.

టైర్లు ట్యూబువి. వెనక 18 అంగుళాల ట్యూబు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, ముందు 21 అంగుళాలది దొరకదు. అందుకే ఒక్క 21 అంగుళాల ట్యూబు, రెండు టైర్ లివర్లు, చిన్న చేతి పంపు, యాక్సిల్ స్పానర్లు సీటు వెనక సంచిలో ఉంటాయి. అవసరమైతే ఆ ట్యూబునే వెనక చక్రంలో పెట్టుకుని దగ్గరి ఊరి దాకా మెల్లగా రావచ్చు.

మొదటి 300 కిలోమీటర్ల తర్వాత రైజర్ బోల్టులు, ఫుట్‌రెస్టు పిన్నులు, స్పోక్స్ మళ్ళీ బిగించాలి. కొత్త ఫోమ్ ఆ లోపే 5 నుంచి 8 మి.మీ. దిగి నిలకడకొస్తుంది, కాబట్టి కుంగుడు కొలతలు, మోకాలి ఫోటో అప్పుడు ఇంకోసారి తీసుకోవాలి. నా బండిలో మోకాలు 90 దగ్గర నిలిచింది, వెనక ప్రీలోడ్ ఎనిమిదో మెట్టు మీదే ఉంది.